మిద్దె మీద కాలం

మృగశిర కార్తె జూన్ 7న గానీ 8న గానీ ప్రవేశిస్తుంది. ఆ రోజు హైదరాబాదు చేపల బజార్లలో కాలు పెట్టే చోటుండదు. పల్లెల్లో విత్తనాల మాటలు మొదలవుతాయి. ఉప్పల్ అవతల ఏ కాలనీలోనైనా కనిపించేలాంటి ఒక ఇంట్లో ఆ వారం ఎర్రమట్టి బస్తాలు మెట్లెక్కుతుంటాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు. కూతురు తొమ్మిదో తరగతి, కొడుకు ఐదో తరగతి. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చి వాళ్లతో ఉంటున్న నానమ్మ. మిద్దె తోట అనే మాటను జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముఖ్యులు. నారపల్లిలో తన ఇంటి పైకప్పు మీదే ఆయన తోట పెంచారు. ఆ బాటలో నడిచిన ఇళ్లు నగరంలో ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి అనుకుందాం ఈ ఇంటిని. జూన్ నుంచి మాఘమాసం దాకా ఆ మిద్దె మీద ఏం జరుగుతుందో చూద్దాం.

విత్తనం ఎప్పుడు పెట్టాలో చెప్పేది నానమ్మే. ఆమె లెక్క కార్తెలతో నడుస్తుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రం దగ్గర పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు. ఏడాదికి 27 కార్తెలు. తిథులు చంద్రుణ్ని బట్టి వస్తాయి కాబట్టి ఉగాది ఒక ఏడు మార్చిలో పడితే ఇంకో ఏడు ఏప్రిల్లో పడుతుంది. కార్తె అలా అటూ ఇటూ పోదు. ఎండా వానా చలీ సూర్యుడి వెంట వచ్చేవి కనుక సేద్యానికి సూర్యుడి లెక్కే పనికొస్తుందని మన రైతులు ఏనాడో గ్రహించారు. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, రెండో వారానికి తెలంగాణలోకి వస్తాయి. మృగశిర సరిగ్గా అప్పుడే.

ఈ లెక్క కూడా శాశ్వతం కాదు. భూమి అక్షం దిశ చాలా మెల్లగా మారుతోంది. అందువల్ల దాదాపు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున కార్తెలు రుతువుల కంటే వెనకబడుతున్నాయి. వెయ్యేళ్లకు రెండు వారాలు, అంటే ఒక కార్తె అంత తేడా. నన్నయ కాలపు రైతుకు మృగశిర ఇప్పటి లెక్కలో మే నెల చివరి వారంలో వచ్చేది. అప్పటికింకా రోళ్లు పగిలే ఎండలే. కార్తెల సామెతలు నేటికీ అక్కరకొస్తున్నాయంటే, తరతరాల రైతులు వాటిని తమ అనుభవంతో సరిచూసుకుంటూ వచ్చారనే అనుకోవాలి.

విత్తనం కంటే ముందు చూడాల్సింది బరువు. మిద్దె తోటల గురించి ముచ్చటగా మాట్లాడేవాళ్లలో చాలామంది ఈ సంగతి దాటేస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, మనుషులు ఎక్కి తిరిగే పైకప్పును చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు మోసేలా కట్టాలి. అడుగు వెడల్పు, అడుగు లోతున్న గ్రో బ్యాగులో 21 లీటర్ల మట్టి పడుతుంది. ఉత్త ఎర్రమట్టి అయితే తడిసినప్పుడు ఒక్కో సంచి 35 కిలోల దాకా తూగుతుంది. చదరపు మీటరులో నాలుగు సంచులు పెడితే లెక్క సరిపోయింది. తొమ్మిది పెడితే 300 కిలోలు దాటుతుంది. అందుకే ఈ ఇంట్లో తండ్రి బరువైన తొట్లన్నీ గోడల మీదుగా, దూలాల మీదుగా వచ్చేలా వరుస పెట్టి, నడుమ జాగా వదిలేశాడు. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపాడు. పొట్టు తేలిక, నీళ్లు పట్టి ఉంచుతుంది, కానీ దానిలో పోషకాలు నామమాత్రం. ఆ లోటు వర్మీ కంపోస్టు తీరుస్తుంది. వానపాములు నేలకు చేసే మేలు మీద చార్లెస్ డార్విన్ 1881లో ఒక పుస్తకమే రాశాడు. చనిపోవడానికి కొద్ది నెలల ముందు ఆయన అచ్చు వేయించిన చివరి పుస్తకం అది. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు పైగా మట్టి వానపాముల కడుపు గుండా పోయి పైకి వస్తుందని ఆయన లెక్కగట్టాడు.

వంటింటి చెత్త కోసం మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి మూలన పెట్టారు. కూరగాయల తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. ఒక పాలు నత్రజనికి ఇరవై అయిదు, ముప్ఫై పాళ్ల కర్బనం ఉంటే సూక్ష్మజీవులు జోరుగా పనిచేస్తాయి. ఉత్త తొక్కలే వేస్తే కంపు కొడుతుంది. ఆ కంపు వృథాగా గాల్లోకి పోతున్న నత్రజనిదే. ఈ పాళ్ల లెక్కను పద్ధతిగా తేల్చిన పని మన దేశంలోనే జరిగింది. ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో 1924 నుంచి 1931 దాకా రైతుల పెంటకుప్పలనూ పశువుల కొట్టాలనూ చూసి నేర్చుకుంటూ, సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి ఒక విధానం తయారుచేశాడు. ప్రపంచమంతా దాన్ని ఇండోర్ పద్ధతి అనే పిలిచింది.

అందరికంటే ముందు చేతికొచ్చింది తోటకూర. విత్తనం చల్లిన నాలుగు వారాల లోపే మొదటి కోత. ఇంత వేగం వెనక ఒక రసాయన రహస్యం ఉంది. బెండ, వంగ, టమాట వంటి మొక్కల ఆకుల్లో బొగ్గుపులుసు వాయువును పట్టుకునే ఎంజైము ఎండ ముదిరితే పొరబాటున ప్రాణవాయువును పట్టుకోవడం పెరుగుతుంది. దానితో శ్రమంతా దండగ. తోటకూర, జొన్న, మొక్కజొన్న, చెరకు ఈ చిక్కును తప్పించుకున్నాయి. ముందుగా వాయువును నాలుగు కర్బనాల పదార్థంగా పట్టి, ఆకు లోపలి కణాల్లో ఒకచోట పోగేసి, అప్పుడు ఆ ఎంజైముకు అందిస్తాయి. మండే ఎండలో మిగతావి వడలిపోతుంటే తోటకూర నిగనిగలాడుతూ ఎదిగేది ఇందుకే.

ఆకుకూర అనగానే తెలుగువాళ్లు గర్వంగా తలుచుకోవాల్సిన పేరు ఒకటుంది. బొంబాయిలో 1920ల చివర లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల్లో తీవ్రమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని చూపించింది. అందులో ఉన్నదేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాస్‌లో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని, అంటే ఫోలిక్ ఆమ్లాన్ని, వేరుచేశారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో లోకానికి ప్రకటించింది లెడర్లీ ప్రయోగశాలల్లోని బృందం. ఆ బృందాన్ని నడిపినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇవాళ ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి ఇచ్చే మాత్రలో ఉన్నది అదే ఆమ్లం. ఆకుల్లో ఉండే దీని సహజ రూపం నీళ్లలో కరుగుతుంది, వేడికి చెడుతుంది, నిలవలో తగ్గుతుంది. కోసిన గంటకే పప్పులో పడి, ఉడికిన నీళ్లతో సహా తినే తోటకూరకున్న విలువ ఇక్కడ తెలుస్తుంది.

జులై చివరికి బీర తీగ పందిరెక్కింది. ఆగస్టులో పసుప్పచ్చని పూలు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. ఒక్క పిందె లేదు. తీగకు బలం చాలలేదని తండ్రి ఎరువు వేయబోతే నానమ్మ ఆపింది. “ముందు పోతుపూలే వస్తయి బిడ్డా. పిందె దాని ఎనకాల వస్తది, ఆగు” అంది. ఆమె మాట నిజం. బీర, సొర, కాకర, పొట్ల, గుమ్మడి జాతి తీగల్లో మగపూలూ ఆడపూలూ వేరువేరు. ముందుగా వచ్చేవన్నీ మగపూలు. ఆడపువ్వును కనిపెట్టడం చిన్నపిల్లలకు కూడా తేలికే: రేకుల కింద బుల్లి బీరకాయ ముందే ఉంటుంది. ఎరువుతో, ముఖ్యంగా నత్రజనితో, తీగను ముంచెత్తితే ఆకు పెరుగుతుంది, ఆడపూలు ఇంకా ఆలస్యమవుతాయి.

వారం పది రోజులకు పిందెలూ వచ్చాయి. వేలెడు పొడుగయ్యేలోగా పచ్చబడి రాలిపోయాయి. మిద్దె తోటలు పెంచే ఇళ్లలో ఎక్కువగా వినిపించే బాధ ఇదే. తల్లి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి టీ కప్పుతో పైకెక్కినప్పుడు కారణం కంటబడింది. పొద్దున ముడుచుకుని ఉన్న బీరపూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. బీర పువ్వు సాయంత్రం అయిదు, ఎనిమిది గంటల మధ్య విప్పారుతుంది. సొర, పొట్ల కూడా సందె పువ్వులే. వాటి తెల్లని రేకులు చీకట్లో దూరానికి కనబడతాయి, వాటిని వెతుక్కుంటూ రాత్రి తిరిగే రెక్కల పురుగులు వస్తాయి. కాకర, దోస, గుమ్మడి తెల్లవారి పువ్వులు; వాటి పని తేనెటీగలు చూసుకుంటాయి. ఇంకా అబ్బురమేమిటంటే, బీరకు దగ్గరి చుట్టమైన నేతిబీర తెల్లవారుజామున పూస్తుంది. ఒకే పందిరి మీద అల్లుకున్నా వీటి పూలు కలుసుకునే వేళ చాలా తక్కువ.

నగరంలో నాలుగంతస్తుల ఎత్తున, చుట్టూ విద్యుద్దీపాల నడుమ ఉన్న పందిరిని సందె పురుగు వెతుక్కుంటూ రావడం కష్టం. ఆ పని ఇంటివాళ్లే చేయాలి. కూతురు దాన్ని తన పనిగా తీసుకుంది. మగపువ్వు తెంపి, రేకులు ఒలిచేసి, నడుమనున్న పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి మూడు వైపులా మెల్లగా తాకించాలి. పుప్పొడి ఒక పక్కే అంటితే గింజలు ఆ పక్కే నిండి కాయ వంకర తిరుగుతుంది. కాయ తిన్నగా పెరగాలంటే దాని పొడుగునా గింజలు పట్టాలి. గింజ పట్టిన చోటి నుంచి వెలువడే హార్మోన్లే కండను పెంచుతాయి. బడిలో పరాగ సంపర్కం పాఠం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పిల్ల, ఇప్పుడు వేలి కొసన పుప్పొడితో ఆ పాఠాన్ని మళ్లీ చదివింది. ఈ ఒక్క అనుభవం కోసమైనా ప్రతి బడిలో ఒక బీర పందిరి ఉండాలి.

పువ్వు వేళ తప్పకుండా ఎలా విచ్చుకుంటుంది? వెలుతురు తగ్గడం ఒక సూచన, అంతే. మొక్క లోపలే ఒక గడియారం నడుస్తుంది. 1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త డి మేరాన్ అత్తిపత్తి లాంటి మొక్కను చీకటిలో మూసిపెట్టి చూశాడు. వెలుతురు సోకకపోయినా అది పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకుంటూనే ఉంది. జీవుల లోపలి కాలగణన మీద జరిగిన తొలి ప్రయోగంగా దాన్ని చెబుతారు.

పుప్పొడి అంటిన పిందెలు నిలబడ్డాయి. వాటి కోసం పండు ఈగ వచ్చింది. లేత కాయ తోలును సూదిలాంటి అవయవంతో గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది; పురుగులు లోపలి నుంచే కాయను కుళ్లబెడతాయి. దీని మీద మానవుడు సాగించిన పెద్ద పోరాటాల్లో ఒకటి జపాన్‌లో జరిగింది. ఒకినావా దీవుల్లో రేడియేషన్‌తో గొడ్డుబోయేలా చేసిన మగ ఈగలను లెక్కకు అందనన్ని వదిలారు. ఆడ ఈగలు వాటితో జతకట్టి పొదగని గుడ్లు పెట్టాయి. 1972లో మొదలైన ఆ కార్యక్రమం 1993లో ఈగను పూర్తిగా నిర్మూలించింది. ఈ మిద్దె మీద అంత హంగామా అక్కర్లేదు. పిందె కట్టిన మర్నాడే కాగితపు సంచి తొడిగితే ఈగకు కాయ దొరకదు. గుచ్చిన కాయలను చెత్త డ్రమ్ములో వేయకుండా నీళ్లలో ముంచి పురుగులను చంపాలి. లేకపోతే అవి మట్టిలోకి దిగి కోశాలై మళ్లీ ఈగలై లేస్తాయి.

సొరకాయ గురించి ఒక హెచ్చరిక. కోసినప్పుడు ముక్క నాలుకకు తగిలించి చూడాలి. చేదుగా ఉంటే పారేయాలి. దానిలో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు పెరిగి ఉంటాయి, వండినా అవి పోవు. చేదు సొరకాయ రసం తాగి మనుషులు చనిపోయిన ఘటనలను భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం పరిశీలించి, చేదు ఉన్న రసం ఏ కొంచెమూ తాగవద్దని గట్టిగా చెప్పింది.

టమాట, వంగ పూల కథ వేరే. వీటి పుప్పొడి గొట్టాల్లో బిగించి ఉంటుంది. కొసన చిన్న రంధ్రం మాత్రమే. తేనెటీగ వచ్చి ఎంత గీకినా అది రాలదు. నల్లగా, లావుగా, ఝుమ్మని తిరిగే తుమ్మెద వస్తే పని జరుగుతుంది. అది పువ్వును కాళ్లతో పట్టుకుని, రెక్కలు ఆడించకుండా, ఛాతీ కండరాలను సెకనుకు వందలసార్లు కంపింపజేస్తుంది. పుప్పొడి జలజల రాలుతుంది. ఐరోపాలో గాజు ఇళ్లలో టమాట పండించేవాళ్లు ఒకప్పుడు మనుషులను పెట్టి, కంపించే కర్రలతో పూలు కదిలించేవారు. 1980ల చివర బెల్జియంలో బంబుల్ తేనెటీగలను పెంచి అమ్మడం మొదలయ్యాక ఆ కర్రలు మూలపడ్డాయి. మన తుమ్మెదలను ఎవరూ అమ్మరు. అవి ఎండు వెదురులో, పాత కలపలో తొర్ర తొలుచుకుని గూడు పెట్టుకుంటాయి. కాబట్టి పందిరికి వేసిన వెదురు బొంగులో గుండ్రటి రంధ్రం కనిపిస్తే దాన్ని మూయకూడదు, ఆ బొంగు మార్చకూడదు. తుమ్మెద రాని రోజున ఉదయం పూట టమాట కొమ్మను వేలితో మెల్లగా తట్టినా చాలు. టమాట పువ్వు తన పుప్పొడితోనే కాయ కడుతుంది. ఎండాకాలంలో మాత్రం ఎంత తట్టినా లాభం లేదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడే చెడి పూలు రాలిపోతాయి.

బెండ ఆగస్టు దాకా చేతినిండా కాసింది. రోజు మార్చి రోజు కోశారు. పువ్వు రాలిన అయిదారు రోజులు దాటితే కాయలో పీచు ముదురుతుంది. తర్వాత రెండు మొక్కల ఆకుల్లో ఈనెలు పసుపుబారాయి. పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ఇది. మొక్కకు సోకాక మందు లేదు. నానమ్మ జాలి పడకుండా ఆ రెంటినీ వేళ్లతో పీకించింది. ఆమె చేసింది శాస్త్రం చెప్పేదే. 1960 ప్రాంతంలో ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ తెగులును తట్టుకునే పూసా సావని రకాన్ని ఇచ్చింది. దేశమంతటా అదే పండింది. కొన్నేళ్లకు అది కూడా తెగులుకు లొంగింది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ తర్వాత ఒక అడవి బెండ నుంచి నిరోధక గుణాన్ని తెచ్చి అర్కా అనామికను తయారుచేసింది. వైరస్ మారుతూనే ఉంటుంది, కొత్త రకాల కోసం వెతుకులాటా ఆగదు. ఆ అడవి చుట్టాలను కాపాడుకోకపోతే రేపటి బెండకు దిక్కుండదు.

మిగతా పురుగులకు వేపనూనె సరిపోయింది: లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త సబ్బు ద్రావణం, చల్లేది ఎండ తగ్గాక. వేపలోని అజాడిరాక్టిన్ పురుగును అక్కడికక్కడే చంపదు. దాని తిండి మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. ఆ అణువు ఎంత జటిలమంటే, ఇంగ్లండులో స్టీవెన్ లే బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేయడానికి 22 ఏళ్లు పట్టింది; 2007లో గానీ పూర్తి కాలేదు. మన వీధి చివర వేపచెట్టు దాన్ని ఏటా గింజగింజలో నింపుతుంది.

ఇంత సందడిలో ఒక్క చిక్కుడు మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. బీరతో పాటే పెట్టిన గింజ. తీగ పిట్టగోడంతా కమ్ముకుంది. దసరా వచ్చినా పూత లేదు. “ఇప్పుడే యాడ కాస్తదిరా? చలి వడాలె. సంక్రాంతికి సూడు, తెంపుడు వశం గాదు” అంది నానమ్మ మనవడితో. చలి మాట సగం నిజం. చిక్కుడు అసలు ఎదురుచూసేది పొడుగు రాత్రి కోసం.

హైదరాబాదులో జూన్ 21 ప్రాంతంలో పగలు 13 గంటలు దాటుతుంది. డిసెంబరు 21 ప్రాంతంలో 11 గంటలకు దిగుతుంది. తేడా రెండు గంటలే, రోజుకు ఒకటి రెండు నిమిషాలకు మించి మారదు. మనం గమనించం. నాటు చిక్కుడు గమనిస్తుంది. గోంగూర కూడా అంతే. తెలంగాణలో పుంటికూర అనే ఈ మొక్క వానాకాలమంతా ఆకు ఇచ్చి, పగళ్లు కురచయ్యాక పూస్తుంది. ఈ గుణాన్ని మొదట తేల్చింది అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు. మేరీల్యాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవంతా ఆకులే వేస్తూ పూయకుండా పెరిగేది. వాళ్లు కుండీలను రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టి పగటిని కురచ చేస్తే అది పూసింది. 1920లో ఈ ఫలితం అచ్చయింది. 1938లో హామ్నర్, బానర్ ఇంకో అడుగు వేశారు. నడిరాత్రి కొద్దిసేపు దీపం వేస్తే చాలు, పూత ఆగిపోయింది. మొక్క కొలిచేది పగటిని కాదు, తెగని చీకటిని అని తేలింది. ఆ వెలుగును పసిగట్టే ఫైటోక్రోమ్ అనే వర్ణకాన్ని 1959లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు.

నగరపు మిద్దెకు ఇది ఎంతో అవసరమైన సంగతి. వీధి దీపం పక్కనున్న సోయాబీన్ మొక్కలు పూతకు రాకుండా పచ్చగానే ఉండిపోవడం అమెరికా పొలాల్లో చూశారు. ఈ ఇంటి చిక్కుడులో కూడా చీకటిగా ఉండే ఉత్తరం వైపు తీగ అక్టోబరు నెలాఖరుకు ఊదారంగు పూత పూస్తే, వీధి దీపం వైపు కొస ఇంకా ఆకులే వేస్తూ ఉంది. తండ్రి అటువైపు ఒక పాత దుప్పటి కట్టి వెలుతురు అడ్డం పెట్టాడు. పగటితో పని లేకుండా కాసే పొట్టి చిక్కుళ్లను, అర్కా జయ్, అర్కా విజయ్ అనే రకాలను, బెంగళూరు సంస్థ ఇచ్చింది. ఏడాదంతా కూర కావాలనేవాళ్లకు అవి మంచివే. నానమ్మకు మాత్రం నాటు చిక్కుడే కావాలి. మాఘమాసంలో రథసప్తమి నాడు చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడు ఆకుల్లో పరమాన్నం పెట్టే ఆనవాయితీ తెలుగు ఇళ్లలో ఉంది. పండుగ వచ్చేదీ కాయ విరగకాసేదీ ఒకే కాలంలో. ఆ పొంతన కుదిరేది పొడుగు రాత్రిని ఎరిగిన చిక్కుడుతోనే.

కాపు అయిపోయాక విత్తనాల పని. టమాట తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి నాటు రకం గింజ మళ్లీ అదే రకంగా వస్తుంది. బీర అలా కాదు. పక్కింటి తీగ పుప్పొడి కలిస్తే గింజ లక్షణం మారుతుంది. అందుకే కూతురు ఒక ఆడపువ్వును, ఒక మగపువ్వును విచ్చుకోకముందే దారంతో కట్టి, సాయంత్రం విప్పి తానే పుప్పొడి అంటించి, మళ్లీ కట్టేసింది. ఆ కాయ తీగ మీదే ఎండింది. హైబ్రిడ్ మిరప గింజలను దాచలేదు. రెండో తరంలో గుణాలు విడిపోతాయని మెండెల్ పాఠంలో ఆమె చదువుకుంది. చిక్కుడు తీగను పీకకుండా మొదలంటా కోసి, వేళ్లను మట్టిలోనే వదిలారు. అంతకు ముందు కొడుకు ఒక వేరు తవ్వి, దానికున్న బుడిపెను గోటితో చీల్చి చూశాడు. లోపల ఎర్రగా ఉంది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థం రంగు అది. బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టే పనికి ప్రాణవాయువు అడ్డం రాకుండా అది చూస్తుంది. చిక్కుడు పెరిగిన ఆ సంచిలో పశువుల ఎరువు రెండు గుప్పెళ్లు కలిపి, నానమ్మ తోటకూర గింజలు ఇసుకతో కలిపి చల్లింది. ఎండలు ముదిరేలోగా రెండు కోతలు వస్తాయి.